పారే నీళ్లలో వెండి ఎలక్ట్రోలిసిస్: కరెంటు 0.4 మిల్లీఆంప్ దాటట్లేదు

ప్రశ్న:
నమస్తే అండి. 999 (99.9 శాతం స్వచ్ఛమైన) వెండి రేకులు రెండు, ఒక్కోటి 2×5 సెం.మీ., మధ్య ఎడం 5 మి.మీ., 24 వోల్టుల డీసీ. డిస్టిల్డ్ వాటర్‌ని నిమిషానికి లీటరు చొప్పున రేకుల మధ్యగా ఒక్కసారే పంపి, అవతల సీసాలో నింపుతున్నాను. నీళ్లలో వెండి 10 పీపీఎం (లీటరుకు 10 మి.గ్రా.) కావాలి. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగినవాటిని అంచనా వేసేది) సున్నా దగ్గరే ఉంది. కుళాయి నీళ్లు పోస్తే కరెంటు ఎగబాకింది కానీ నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. నిలవ నీళ్లలో చేస్తే రేకుల మీద నల్ల మడ్డి పడుతోందని ఈ పద్ధతికి మారాను. తప్పు ఎక్కడుంది?

జవాబు 1:
1 మిల్లీఆంప్ గంటసేపు పారితే కరిగే వెండి 4.025 మి.గ్రా., అంతకు మించదు. మీ 0.4కి గంటకు 1.6 మి.గ్రా. గంటకు 60 లీటర్లు పారుతున్నాయి కాబట్టి లీటరుకు పడేది 0.027 మి.గ్రా. ఒక్క దాటులో 10 పీపీఎం రావాలంటే దాదాపు 150 మిల్లీఆంప్ కావాలి. ఆ రేకుల మధ్య డిస్టిల్డ్ నీళ్ల నిరోధం సుమారు 50 కిలో ఓమ్‌లు, కాబట్టి 24 వోల్టులతో అయ్యే పని కాదు.

2 లీటర్ల నీళ్లే తీసుకుని తిప్పి తిప్పి పంపండి. 20 మి.గ్రా. వెండికి 5 మిల్లీఆంప్-గంటలు చాలు. పాత బ్యాచ్‌లోది 200 మి.లీ. మొదట్లోనే కలిపితే కరెంటు త్వరగా అందుకుంటుంది. ఉప్పు మాత్రం వేయొద్దు. కుళాయి నీళ్లు తెల్లబడింది సిల్వర్ క్లోరైడ్ వల్లే: లీటరులో 20 మి.గ్రా. క్లోరైడ్ ఉంటే 60 మి.గ్రా. వెండిని పట్టేసుకోగలదు.

జవాబు 2:
పై లెక్క సరైనదే. వెండి కరిగేకొద్దీ నిరోధం పడిపోయి కరెంటు పెరుగుతూ పోతుంది, అందుకే దాన్ని 5 మిల్లీఆంప్ దగ్గర కట్టేయాలి. ఎల్ఎం334 (కరెంటును ఒకే స్థాయిలో ఉంచే చిప్)కి 13.5 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే సరిపోతుంది. నిమిషానికోసారి రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్)తో పోలారిటీ, అంటే రేకుల ప్లస్ మైనస్‌లు, మార్చండి. లేకపోతే క్యాథోడ్ (మైనస్ రేకు) మీద వెండి నూగులా పెరిగి, ఊడి బూడిదరంగు పొరలుగా తేలుతుంది, ఒక్కోసారి రెండు రేకుల్నీ కలిపేస్తుంది కూడా.

మీరు చూసిన నల్ల మడ్డి సిల్వర్ ఆక్సైడ్. రేకుల దగ్గర వెండి అయాన్లు (కరిగి విద్యుదావేశంతో ఉన్న వెండి), హైడ్రాక్సైడ్ పోగుపడితే అది పేరుకుంటుంది. ప్రవాహం వాటిని ఊడ్చుకుపోతుంది కాబట్టి మీ ఆలోచన మంచిదే. అయితే ఆక్సైడ్ కరిగే హద్దే లీటరుకు 13 మి.గ్రా. దగ్గర, కాబట్టి 10 దాటించాలని చూడకండి.

టంకం, క్లిప్పులు నీళ్లకు తగలకూడదు, రాగి, తగరం దిగుతాయి. లోహభాగాలు నీళ్లను తాకని పెరిస్టాల్టిక్ పంపు, సిలికాన్ గొట్టం వాడండి.

జవాబు 3:
టీడీఎస్ అంకెను పీపీఎంగా తీసుకోకండి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి హైడ్రాక్సైడ్ బైకార్బొనేట్‌గా మారితే, వెండి అంతే ఉన్నా రీడింగ్ సగం కంటే తక్కువకు పడిపోతుంది. మిల్లీఆంప్-గంటలు లెక్కకట్టండి, రేకులు రెండూ ముందూ తర్వాతా ఆరబెట్టి తూచండి.

ఇంకో మాట, ఇలా వచ్చేది ఎక్కువగా అయాన్ల వెండే, కొల్లాయిడ్ (నీళ్లలో తేలాడే అతిచిన్న వెండి కణాలు) కాదు. లేజర్ కాంతి దారి లీలగా కనబడితే కణాలు కొన్నే ఉన్నట్టు. సోడియం సిట్రేట్ లాంటిది వేసి వేడిచేస్తే కణాలుగా మారి లేతపసుపు తిరుగుతుంది. ముదురు గాజు సీసాలో, వెలుతురు తగలకుండా దాచండి.

దయచేసి తాగొద్దు. ఒంట్లో వెండి పేరుకుంటే చర్మం నీలిబూడిద రంగుకు తిరుగుతుంది (ఆర్జీరియా), అది మళ్లీ పోదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే ఇలాంటి వెండి మందులు సురక్షితమూ ఫలవంతమూ అని గుర్తించలేమని తేల్చింది.