ఉద్యోగం పోయింది, నిబ్బరంగా ఉండలేకపోతున్నాను. ఇది అవిశ్వాసమేనా?

నిద్రపట్టనివాడు:
అందరికీ వందనాలు. నా ఉద్యోగం పోయి కొన్ని నెలలైంది. దాచుకున్న డబ్బు కరిగిపోతోంది. సంఘంలో ఎవరిని కదిపినా "ఫిలిప్పీ 4:19 పట్టుకోండి బ్రదర్, దేవుడు ప్రతి అవసరం తీరుస్తాడు" అంటున్నారు. నేనూ నమ్ముతాను, నా ఫోన్ వాల్‌పేపర్ కూడా ఆ వచనమే. కానీ రాత్రి అదే ఫోన్‌లో బ్యాంక్ యాప్ తెరిచి, పొద్దున చూసిన బ్యాలెన్సే మళ్ళీ చూస్తూ కూర్చుంటాను. మొన్న ఒకాయన "ఇలాంటప్పుడే కానుకను విత్తనంగా వేయాలి, అప్పు చేసైనా ఇవ్వండి, నూరంతలు తిరిగొస్తుంది" అన్నారు. మత్తయి 6లో చింతించొద్దని ప్రభువే చెప్పాడు కదా. మరి నాకీ టెన్షన్ ఏంటి? ఖర్చుల లెక్కలు రాసుకోవడం, ఎవరినైనా సాయం అడగడం, ఇవన్నీ విశ్వాసం లేకపోవడమేనా?

ప్రార్థనావీరుడు:
యెహోవా యీరే, దేవుడే చూసుకుంటాడు! ధైర్యంగా ఉండండి బ్రదర్, మా ఇంట్లో మీ కోసం ప్రార్థన చేస్తాం.

లెక్కల అక్క:
బ్రదర్, మా సంఘంలో సహాయ నిధి లెక్కలు నేనే రాస్తాను. అందుకని కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓర్చుకోండి.

ముందు ఆ కానుక సంగతి. అప్పు చేసి ఇవ్వకండి. ఇవ్వాలన్న మనసుంటే చాలు, మన దగ్గర ఉన్నదాన్ని బట్టే అది అంగీకారమవుతుంది, లేనిదాన్ని బట్టి కాదని పౌలు 2 కొరింథీ 8:12లో రాశాడు. ఇక నూరంతల మాట మార్కు 10:30లో ఉంది, నిజమే. అదే వచనంలో "హింసలతో పాటు" అని కూడా ఉంది. ఆ ముక్క ఎవరూ చదివి వినిపించరు, అదేమిటో!

4:19 కోసం ఆ అధ్యాయం మొత్తం చదవండి. పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో ఉన్నాడు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేతికిచ్చి సాయం పంపింది. ముట్టిందని పౌలు రాసిన జవాబు అది, ఒక రకంగా రసీదు. ప్రతి అవసరం తీరుస్తాడన్న వాగ్దానం ఆ రసీదులోనే ఉంది. పౌలు అవసరం తీర్చింది దేవుడే. కానీ మోసుకెళ్ళింది ఒక మనిషి, ఆ పని మీద వెళ్ళి చావు అంచు దాకా పోయి బతికాడు (2:27-30). సాయం అడగడం అవిశ్వాసమైతే, యెరూషలేము పేదల కోసం పౌలు సంఘాలను చందా అడగడాన్ని ఏమనాలి?

ఏలీయా ప్రవక్త సంగతి చూడండి (1 రాజులు 17). కాకులు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చాయి, వాగు నీళ్ళు తాగాడు. కొన్నాళ్ళకు ఆ కెరీతు వాగు ఎండిపోయింది. వర్షం లేక ఎండింది తప్ప అతని విశ్వాసం తగ్గి కాదు. తర్వాత దేవుడు పంపింది ఎక్కడికి? తనకూ కొడుక్కీ చివరి వంట చేసుకోవడానికి పుల్లలు ఏరుకుంటున్న విధవరాలి దగ్గరికి. తొట్టిలో పట్టెడు పిండి. అది నిండిపోయిందని బైబిలు చెప్పదు, తక్కువ కాలేదని మాత్రమే చెబుతుంది. బహుశా ఆమె రోజూ అడుగు కనిపిస్తున్న తొట్టిలోనే చెయ్యి పెట్టి ఉంటుంది. మీ బ్యాలెన్స్ చూస్తున్నప్పుడు ఆ చెయ్యి గుర్తు చేసుకోండి.

లెక్కలు రాయడం పాపమైతే ముందు నేను పోవాలి నరకానికి. యాప్ రోజుకొకసారి, పగటిపూట, పక్కన కాగితం పెట్టుకుని చూడండి. ఏది ఏ తేదీకి కట్టాలో రాయండి. ఆ కాగితంతోనే పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళండి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎలా వస్తారో చెప్పనా? ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళేదాకా కుర్చీలు సర్దుతూ ఉంటారు. నా ఆరోగ్యం అడుగుతారు, పిల్లల చదువులు అడుగుతారు. ఇక వెళ్ళిపోతారనగా గుమ్మం దగ్గర ఆగి "అక్కా, ఒక్క మాట" అంటారు. అప్పటికే అద్దె నెలల తరబడి బాకీ పడి ఉంటుంది. మొదటి నెలలోనే చెబితే మాకూ తేలికయ్యేది.

తొలకరి:
అక్కా, మీరు దేవుడి కార్యాన్ని మరీ మనుషుల పనిగా చేస్తున్నట్టుంది. జార్జ్ ముల్లర్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో వేలమంది అనాథ పిల్లల్ని పోషించారు. ఎవరినీ ఒక్క మాట అడగలేదు, మోకాళ్ళ మీదే అడిగారు.

లెక్కల అక్క:
ఆయనంటే నాకూ ఎంతో గౌరవం తమ్ముడూ. 1836లో అద్దె ఇంట్లో మొదలుపెట్టి, అదే ఊళ్ళోని ఆష్లీ డౌన్‌లో ఐదు పెద్ద భవనాల దాకా తీసుకెళ్ళారు. మనుషులతో చెప్పకపోవడం ఆయన తనకు తాను పెట్టుకున్న నియమం, అందరికీ ఇచ్చిన ఆజ్ఞ కాదు. పైగా అప్పు ముట్టుకోలేదు, వచ్చినదానికీ ఖర్చుకీ లెక్క కట్టి ఏటేటా అచ్చు వేయించారు. ఆ డబ్బు ఇచ్చినవాళ్ళూ మనుషులే. వాళ్ళ మనసు కదిపింది దేవుడంటే నేను వెంటనే ఆమేన్ అంటాను.

నిద్రపట్టనివాడు:
కాగితం రాశాను. ఇంట్లో కూడా ఇంతవరకు మొత్తం చెప్పలేదు, ఇప్పుడు ఇద్దరం కూర్చుని రాశాం. ఆదివారం దాకా ఆగకుండా పాస్టర్ గారికి ఫోన్ చేద్దామంటోంది మా ఆవిడ. ఒక్క సందేహం అక్కా. సాయం తీసుకుంటే సంఘంలో అందరికీ తెలుస్తుందా?

లెక్కల అక్క:
చేసేయండి, మీ ఆవిడ చెప్పిందే సరి. మా దగ్గరైతే ఆ పుస్తకం పాస్టర్ గారూ, ఇంకో పెద్దా, నేనూ తప్ప ఎవరూ చూడరు. సంఘానికి మొత్తం అంకె మాత్రమే చదువుతాం, పేర్లు చదవం. మీ దగ్గర ఎలాగో ఫోన్‌లోనే అడిగేయండి, అందులో మొహమాటం అక్కర్లేదు.