అప్‌డేట్: చంకల వాసనకు చివరికి పటికే పనిచేసింది

స్ప్రేలు నాకు పడవు, కడప ఎండలకు మధ్యాహ్నానికే చంకల్లో వాసన వస్తోంది, సహజమైనది ఏదైనా చెప్పండని పోయిన నెల అడిగినాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

ముందు కొబ్బరినూనెలో వంట సోడా కలిపి రాసుకున్నా. వాసన పోయింది గానీ నాలుగో రోజుకు చర్మం ఎర్రగా కమిలి ఒకటే మంట. మన చర్మానిది కొంచెం ఆమ్ల గుణం, సోడాది క్షార గుణం, అందుకే నాకు పడలేదు. మానేసినాక గానీ తగ్గలేదు.

తర్వాత మా జేజి మాట విని వై.వి. స్ట్రీట్‌లో పటిక ముక్క కొన్నా. అంచులు గాజులా కోసుకుంటాయి, నీళ్లలో అరగదీసి నున్నగా చేసుకోవాలి. స్నానం చేయగానే తడి మీదే రుద్దుతా. చర్మం కాస్త పట్టేసినట్టు ఉంటుంది, ఆరాక చొక్కా వేసుకుంటా. చెమట మామూలుగానే పడుతుంది, వాసన మాత్రం సాయంత్రం దాకా లేదు. వాసన పుట్టించేది చెమట కాదు, దాని మీద బతికే బ్యాక్టీరియా. పటిక వాటిని పెరగనీయదు.

అల్యూమినియం వద్దనుకునేవాళ్లు గమనించండి, పటిక కూడా అల్యూమినియం లవణమే. షేవింగ్ చేసిన రోజు రుద్దకండి, మండుతుంది.

ఆ ముక్క ఇంకా సగం కూడా అరగలేదు.