అమ్మ పళ్ళ కోసం ఊరిని సాయం అడగొచ్చా?

రాజోలు అబ్బాయి

మా అమ్మకు 52 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్. చిగుళ్ళు వాచడం, పన్ను కదలడం, తీయించుకోవడం, ఇలాగే గడిచింది. ఇప్పుడు కింద నాలుగు, పైన రెండు మిగిలాయి. అవీ నిలవవన్నారు. అన్నం మజ్జిగలో పిసుక్కుని తింటోంది. మొన్న మా అత్త ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది. పళ్ళు లేకపోయినా తినగలిగేది అదొక్కటే, అదేమో షుగర్ వల్ల తినకూడదు. రేకు చివర కాస్త చిదిమి నాలుక మీద వేసుకుని, మిగతాది నా చేతిలో పెట్టేసింది.

రెండు దవడలకూ ఇంప్లాంట్లు, అంటే దవడ ఎముకలో బిగించే మరలు వేసి, వాటి మీద కట్టుడు పళ్ళకు 4,20,000 అవుతుందని ఒక ఆసుపత్రిలో చెప్పారు. నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్ళేవారు. నడుం పట్టేసి మానేశారు. నేను రొయ్యల చెరువు దగ్గర మేత వేస్తాను, నెలకు 15,000.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో సగం మంది గల్ఫ్‌లో ఉన్నవాళ్ళే. అందులో సాయం అడుగుదామని నేను, వద్దని అమ్మ. “పళ్ళ కోసం ఊరి ముందు చెయ్యి చాపుతామా?” అంటుంది. మీరేమంటారు?

లంక రైతు

బాబూ, మీ అమ్మగారి మాటే సరైంది. 2022 జులై గోదావరి వరదకు మా లంకలో ఇళ్ళు మునిగితే డబ్బు పంపింది ఆ గల్ఫ్ పిల్లలే. తర్వాత ఒకరి కిడ్నీకి, ఇంకొకరి గుండెకు ఇచ్చిందీ వాళ్ళే. పళ్ళు లేకపోతే ప్రాణం పోదు. మా నాన్న చివరి పదిహేనేళ్ళూ చిగుళ్ళతోనే నెట్టుకొచ్చాడు. రేపు ఇంతకన్నా పెద్ద కష్టం వస్తే ఏ మొహం పెట్టుకుని అడుగుతారు?

పాలకొల్లు అక్క

అన్నయ్య గారూ, ప్రాణం పోదన్న మాట ఒప్పుకోలేనండి. షుగర్ ఉన్న మనిషి నమలలేకపోతే ఏం తింటుంది? జావ, మెత్తటి అన్నం, పాలలో ముంచిన బిస్కెట్. కాయగూర ముక్కలు, శనగలు, మాంసం అన్నీ దూరమైపోతాయి. ఇక షుగర్ ఎలా తగ్గుతుంది? షుగర్ వల్ల చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది. ఇది సోకు కోసం చేయించుకునే పని కాదు.

చెయ్యి చాపడం అంటున్నారు. మరి పెళ్ళి పందిట్లో పుస్తకం పెట్టుకుని 516, 1,116 అని పేరుపేరునా చదివింపులు రాయించుకుంటాం కదా, దాన్ని అడుక్కోవడం అంటామా? రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి మనం తిరిగి చదివిస్తాం. బాబూ, మీ అమ్మగారు ఇన్నేళ్ళుగా చదివించిన లెక్క మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో ఉందో ఒకసారి ఆలోచించు.

ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. మా ఆయన మోకాలి ఆపరేషన్‌కు మా వీధి వాళ్ళు సాయం చేశారు. ఆ సంక్రాంతికి మా పాపకు పట్టు లంగా కుట్టిస్తే ఒకావిడ గుమ్మంలోనే “అప్పుడే పట్టా?” అంది. ఆరేళ్ళయింది, ఆ లంగా పాపకు మళ్ళీ కట్టలేదు. అందుకని డబ్బు మీ చేతికి రానివ్వకండి. నేరుగా ఆసుపత్రికే కట్టమనండి. రసీదు అందరికీ చూపించండి.

భీమవరం పళ్ళ డాక్టర్

అడగాలా వద్దా అనేకన్నా ముందు ఎంత అడగాలో తేల్చుకోవాలి. అన్ని ఇంప్లాంట్లూ మీ అమ్మగారికి అవసరమేనా అన్నది పరీక్ష చేస్తేగానీ తెలియదు. ఇంప్లాంట్లు లేకుండా తీసి పెట్టుకునే మామూలు పళ్ళ సెట్టు పైన అయితే అంగిలికి అతుక్కుని బాగానే నిలుస్తుంది. ఇబ్బందంతా కింది సెట్టుతోనే. నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది. అందుకే కింద ముందువైపు రెండు ఇంప్లాంట్లు వేసి, ప్రెస్ బటన్‌లాగా వాటికి పట్టుకునే సెట్టు పెడతాం. రాత్రి తీసి కడుక్కోవచ్చు. పళ్ళన్నీ పోయిన కింది దవడకు మొదట చూడాల్సిన వైద్యం ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు తేల్చారు. పైన మామూలు సెట్టు చాలు. ఖర్చు మీకు చెప్పినదానికన్నా బాగా తగ్గుతుంది.

డెంటల్ కాలేజీలో ఇంకా తగ్గుతుంది. భీమవరంలో విష్ణు కాలేజీ ఉంది, రాజానగరంలో జీఎస్ఎల్ ఉంది. ప్రొఫెసర్లు పక్కన ఉండి పీజీ విద్యార్థుల చేత చేయిస్తారు. కాకపోతే చాలాసార్లు తిరగాలి, దారి ఖర్చులూ లెక్కలో వేసుకోండి. ముందు మూడు నెలల షుగర్ సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. షుగర్ అదుపులో లేకపోతే ఇంప్లాంట్ ఎముకకు సరిగా అతుక్కోకపోవచ్చు. అదుపులో ఉన్నా అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అలాగని ఏళ్ళ తరబడి వాయిదా వేయకండి. పన్ను తీశాక దవడ ఎముక కరుగుతుంది, మొదటి ఏడాదిలోనే ఎక్కువ.

కువైట్ నుంచి ఒక అన్న

తమ్ముడూ, గ్రూపులో పెట్టినా సరే, అమ్మ ఫోటో మాత్రం పెట్టకు. నోరు తెరిచిన ఫోటో ఉంటే డబ్బు ఎక్కువ వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. వినకు. డాక్టర్ ఇచ్చిన అంచనా కాగితం చాలు.

లంక రైతు

అక్కయ్య గారి మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. మా నాన్న పెద్దతనంలో పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చోవడం మానేశాడు. ఒంట్లో బాలేదనేవాడు. ఇంటికి కేరేజీ తెచ్చిపెట్టేవాళ్ళం. అది పళ్ళ వల్లేనని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు.

నాలుగు లక్షలైతే ఇప్పటికీ వద్దనే అంటాను. అంత మొత్తం ఊరి మీద వేస్తే తర్వాత వచ్చే రోగికి మిగలదు. మామూలు సెట్టు ఖర్చు మీరు పెట్టుకుని, ఆ రెండు ఇంప్లాంట్లకు మాత్రం అడగండి. నేనూ ఇస్తాను.

రాజోలు అబ్బాయి

అందరికీ దండాలండి. ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. చదివింపుల దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. తర్వాత లేచి, ట్రంకు పెట్టె అడుగు నుంచి మా అక్క పెళ్ళినాటి పుస్తకం తీసింది. “ఇందులో పేరున్న వాళ్ళని అడుగు. మిగతా వాళ్ళని వద్దు” అంది. గ్రూపులో పెట్టడం లేదు.

సోమవారం పొద్దున్నే చించినాడ వంతెన మీదుగా భీమవరం వెళ్తున్నాం. షుగర్ రిపోర్టు సంచిలో పెట్టాను. కాలేజీ వాళ్ళు అంచనా రాసిచ్చాక, పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తాను. లంక రైతు గారూ, మీ పేరు పుస్తకంలో లేదు గానీ అమ్మ మిమ్మల్ని కలుపుకోమంది.