ఏడిపించినవాడి బాధ కూడా పిల్లల చేత చదివించాలా?

తిరుపతి అమ్మ:
మాది కుప్పం దగ్గర పల్లె. మా అమ్మాయి మాటలో అరవం, కన్నడం కలిసే ఉంటాయి. తిరుపతిలో తొమ్మిదో తరగతిలో చేర్చాక, హాస్టల్లో కోస్తా నుంచి వచ్చిన నలుగురు పిల్లలు దాని యాసను వెక్కిరించడం మొదలుపెట్టారు. "పోతా ఉండా" అని అది అనగానే గదంతా నవ్వులే. మూడు నెలల్లో అది మాట్లాడటమే తగ్గించేసింది. ఇప్పుడు ఫోన్లో నాతో కూడా పుస్తకాల తెలుగులో మాట్లాడుతోంది.

దసరా సెలవుల్లో ఇద్దరం కూర్చుని ఆర్.జె. పలాసియో రాసిన 'వండర్' (2012) చదివాం. పుట్టుకతోనే ముఖం వేరుగా ఉన్న పదేళ్ల ఆగీ మొదటిసారి బడికి వెళ్లే కథ. అతన్ని ఏడిపించే జూలియన్‌కు అందులో తన వైపు చెప్పుకునే భాగం లేదు. 2014లో రచయిత్రి అది విడిగా రాశారు. చిన్నప్పుడు జూలియన్ రాత్రిళ్లు భయపడి లేచేవాడట, ఆగీని చూశాక ఆ భయం తిరిగొచ్చిందట, చివరికి పశ్చాత్తాపపడతాడు. అదీ చదివించాను. మా అమ్మాయి పుస్తకం పక్కన పెట్టేసి, "వాడి బాధ కూడా నేనే అర్థం చేసుకోవాలామ్మా?" అంది.

నేనేం చెప్పలేకపోయాను. ఇలాంటి ముగింపులు దెబ్బ తిన్న పిల్లల కోసం రాసినవి కావని నా అభిప్రాయం. మీరేమంటారు?

చిత్తూరు తెలుగు టీచర్:
మీ పాప కోపం న్యాయమే అమ్మా. కానీ క్లాసులో మీ పాప ఒక్కతే ఉండదు. ఏడిపించే పిల్లాడు ఆగీ కథ వింటూ తనను ఆగీలోనే చూసుకుంటాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకుంటాడు. ఇంటర్వెల్లో బయటికెళ్లి మళ్లీ పక్కవాణ్ణి "పొట్టోడా" అంటాడు. ఇది కళ్లారా చూశాను. జూలియన్ కథ చదివిన రోజు మాత్రం వెనక బెంచీలో ఒకడు తల ఎత్తలేదు. వాడికి ఆ కథ కావాలి.

తిరుపతి అమ్మ:
వాడికి కావాలి, సరే మేడమ్. అదే గదిలో మా పాప కూడా కూర్చుని ఉంటుంది కదా. తల దించుకున్నాడని అందరూ వాణ్ణే ఓదారుస్తుంటే అది చూస్తూ ఉండాలా?

బైరాగిపట్టెడ నాన్న:
ఒక్క మాట. ఈ విషయం మీద వచ్చిన ప్రతి పుస్తకమూ పిల్లల చేతికి ఇవ్వకండి. జే ఆషర్ 2007 నవల 'థర్టీన్ రీజన్స్ వై'లో ఆత్మహత్య చేసుకున్న అమ్మాయి పదమూడు కారణాలు చెబుతూ, అందుకు కారణమైనవాళ్లు వినాలని కేసెట్లు వదిలి వెళ్తుంది. ఆ నవలతో తీసిన సిరీస్‌లోంచి ఆమె చనిపోయే దృశ్యాన్ని నెట్‌ఫ్లిక్స్ 2019లో తీసేసింది. నేను పోతేనే వాళ్లకు తెలుస్తుంది అనే ఆలోచన ఆ వయసు పిల్లలకు రాకూడదు. దానికంటే జూలియన్ పశ్చాత్తాపమే నయం. అమ్మా, వార్డెన్‌కు కాగితం మీద రాసివ్వండి. వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

ఎస్వీయూ విద్యార్థి:
నేను ఏడిపించినవాణ్ణి కాదు, పక్కన నిలబడి నవ్వినవాణ్ణి. మదనపల్లెలో చదివేటప్పుడు మా గదిలో నత్తి ఉన్న కుర్రాడు ఉండేవాడు. "పప్పు" అనడానికి వాడు ఇబ్బంది పడితే, ఆ మాటే మళ్లీ మళ్లీ అనిపించేవాళ్లు. కొన్నాళ్లకు వాడు మెస్‌లో ఏదీ అడగడం మానేశాడు. పెట్టింది తినేవాడు.

మీరంతా ఆగీ, జూలియన్ గురించే మాట్లాడుతున్నారు. నన్ను వదలనిది జాక్. ఆగీకి స్నేహితుడే. హాలోవీన్ రోజు ఆగీ తను వేసుకుంటానన్న వేషం కాకుండా వేరే ముసుగులో వస్తాడు. అక్కడే ఉన్నాడని తెలియక జాక్, జూలియన్ గుంపుతో కలిసి అతని గురించి హీనంగా మాట్లాడతాడు. ఆగీ మీద కోపమేం లేదు, వాళ్లలో కలవడానికి అన్నాడు. నేనూ అందుకే నవ్వాను. అక్కా, మీ పాప గదిలో వెక్కిరించేది నలుగురే. మిగిలినవాళ్లు నవ్వకపోతే వాళ్లు ఎన్నాళ్లు చేస్తారు?

తిరుపతి అమ్మ:
ఆ అబ్బాయికి ఎప్పుడైనా ఫోన్ చేశావా తమ్ముడూ?

ఎస్వీయూ విద్యార్థి:
నంబరుంది అక్కా. చేయలేదు.

తిరుపతి అమ్మ:
చెయ్యి. టీచర్‌గారూ, మీరు క్లాసులో చదివేటప్పుడు జాక్ భాగం ముందు చదవండి. జూలియన్‌ది తర్వాత, అదీ దెబ్బ తిన్న పిల్లలు వింటామంటేనే. ఆదివారం మా అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, ఆ గదిలో నవ్వనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతాను.