పొట్ట తగ్గడానికి లైపోసక్షనా, టమ్మీ టక్కా?

తులసి: ఇద్దరు పిల్లలు పుట్టాక బరువు మామూలుకు వచ్చింది, పొట్ట మాత్రం రాలేదు. కూర్చుంటే బొడ్డు కింద చర్మం మడత పడుతుంది. ఒక డాక్టరు లైపోసక్షన్ చాలన్నారు, ఇంకొకరు టమ్మీ టక్ తప్ప లాభం లేదన్నారు. చేయించుకున్నవారు చెప్పండి.

మందారం: రెండో డాక్టరు మాట వినండి. లైపో లాగేది చర్మం కింది కొవ్వునే. వేలాడే చర్మాన్ని తీయదు, కడుపుతో ఉన్నప్పుడు ఎడమైన కండరాలను దగ్గరకు చేర్చదు. టక్‌లో మిగులు చర్మం కోసేసి, ఆ కండరాలను మధ్యలో కలిపి కుట్టి, బొడ్డును కొత్త చోట అమరుస్తారు. నేను చేయించుకున్నాను. మొదట్లో నడుము వంచే నడిచాను. పక్కన గొట్టాల నుంచి ఎర్రటి నీరు చిన్న ప్లాస్టిక్ బుడ్డీలోకి దిగుతుండేది. తుమ్ము వస్తుందనిపిస్తే దిండు తెచ్చి పొట్టకు అదుముకునేదాన్ని. అయినా మళ్లీ అడిగితే అదే చేయించుకుంటాను.

సూటిమాట: మచ్చ సంగతి దాటేశారు. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత. లైపోకు చిన్న గాట్లు చాలు.

మందారం: లోదుస్తుల కింద దాగిపోతుంది. కాలం గడిచేకొద్దీ పలచబడుతుంది.

సూటిమాట: పలచబడుతుంది సరే, పోతుందా? అవునో కాదో చెప్పండి.

మందారం: పోదు. అయితే?

సూటిమాట: నేనన్నదీ అదే.

గోరింట: తులసి గారూ, ఇంకా పిల్లలు కావాలనుకుంటే మాత్రం టక్ ఇప్పుడు వద్దు. మళ్లీ కడుపుతో ఉంటే చేసిందంతా సాగిపోతుంది.

ఫిజియో: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కాస్త ఎత్తి, బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా ఆనించండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు తగిలితే కండరాలు ఎడమై ఉండవచ్చు. వ్యాయామంతో కొంత సర్దుకుంటాయి, సాగిన చర్మం మాత్రం దానికి లొంగదు. పొట్ట గట్టిగా ఉబ్బి, వేళ్లకు మడత చిక్కకపోతే అది పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు. లైపో దాని దాకా వెళ్లదు.

చిరుగాలి: చలితో కొవ్వు కరిగించే యంత్రం ఉంది కదా, కోతే అక్కర్లేదు.

ఫిజియో: చర్మం వేలాడేవారికి దానితో పని జరగదు. అరుదుగా, చల్లబరిచిన చోటే కొవ్వు గట్టిపడి పెరుగుతుంది. అప్పుడు మళ్లీ లైపోయే గతి.

సూటిమాట: టక్ తర్వాత కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఆ మాట ఎవరూ అనరేం?

మందారం: అంటాను. అందుకే వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు. పొగతాగేవారైతే కొన్ని వారాల ముందే మానాలి, లేకపోతే కోసిన అంచున చర్మం చచ్చిపోవచ్చు. సుమారు 6 వారాలు బరువులు ఎత్తకూడదు, చంటిపిల్లల్ని కూడా. లైపోలోనూ ఒకేసారి 5 లీటర్లకు మించి లాగితే ప్రమాదం పెరుగుతుంది. అదేమీ చిన్న పని కాదు.

సూటిమాట: చిన్న పని కాదని నాకు చెబుతున్నారా? మా ఆవిడకు చేయించాం. కొవ్వు పోయింది, చర్మం గాలి తీసిన బుడగలా ముడతలు పడి జారింది.

మందారం: మీ ఇంట్లో అది పని చేయలేదు, ఇక్కడ మాత్రం అదే మేలంటారు!

సూటిమాట: మచ్చ పడలేదు కదా.

మందారం: ఆవిడ ఏది అడిగారు?

సూటిమాట: టక్ అడిగింది, నేను వద్దన్నాను. బతికినంత కాలం చూడవలసింది నేనే కదా.

గోరింట: చూడటమే కష్టమైతే మోసేవాళ్లేమనాలి?

సూటిమాట: మీదేం పోయింది, ఎన్నైనా అంటారు. పిల్లల్ని కన్న ఒంటిని కోయించుకోవడమే నాకు ఇష్టం లేదు. లైపోకు ఒప్పుకోవడమే ఎక్కువ.

మందారం: ఇంతసేపు మచ్చ మచ్చ అని తిప్పింది ఇందుకన్నమాట. ఎవరికి చూపించడానికి అని మా అత్తగారూ అడిగారు. మడత కింద చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడేవి నాకు. ఆవిడ అదెప్పుడూ అడగలేదు.

సూటిమాట: పెద్దావిడ సరిగ్గానే అడిగారు.

నిర్వాహకుడు: ఇళ్ల సంగతులు చాలు. అడిగినదానికి జవాబివ్వండి.

తులసి: పడుకుని చూశాను, మూడు వేళ్లకు పైనే సందుంది. నాకూ మడత కింద ఒరుసుకుంటోంది. మందారం గారూ, గొట్టాలు ఎప్పటిదాకా ఉంచారు? అన్ని వారాలు పిల్లల్ని ఎవరు ఎత్తుకున్నారు?

మందారం: దిగే నీరు బాగా తగ్గాక తీశారు. పిల్లల్నా? మా అత్తగారే. రోజూ సణుగుతూనే.