ఇంగ్లాండ్‌లో పాతకాలపు చిన్న బీచ్ ఊళ్ళు: జూన్‌లో వెళ్తున్నాం, ఎక్కడికి వెళ్ళమంటారు?

పెదవాల్తేరు వాకర్:
నమస్కారమండీ. నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి న్యూకాసిల్‌లో ఎమ్మెస్ చదువుతోంది. జూన్ రెండో వారంలో నేనూ మా ఆవిడా వెళ్ళి మూడు వారాలుంటాం. లండన్ అందరూ చూసేదే, రెండ్రోజుల్లో చుట్టేస్తాం. నాకు చూడాలనున్నవి సముద్రం ఒడ్డున ఉండే పాతకాలపు చిన్న ఊళ్ళు. సముద్రంలోకి పొడుగ్గా వంతెనలా పియర్ కట్టి, ఒడ్డున రంగురంగుల చెక్క గదులు వేసుకుని, మడత కుర్చీల్లో కూర్చుంటారు కదా, అలాంటివి. ముప్ఫై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడిచేవాణ్ణి. సముద్రం లేని ఊళ్ళో మూడు వారాలంటే నాకు ఊపిరాడదు.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. చేప తింటుంది, బీఫ్ ముట్టదు. కారు లేదు, రైళ్ళూ బస్సులే.

జగదాంబ జంక్షన్:
మాస్టారూ, వైజాగ్ నుంచి సముద్రం చూడ్డానికి ఇంగ్లాండా? భీమిలి పోయి రండి, డచ్చివాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి. ఆ డబ్బుతో స్కాట్లాండ్ కొండలు చూసుకోండి.

మధురవాడ కోడలు:
పై ఆయన మాట వినకండి. మేం మిడిల్స్‌బ్రోలో ఏడేళ్ళుండి వచ్చాం. మీరు అడిగిన ఊళ్ళు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

ముందు ఒక మాట. న్యూకాసిల్‌కి సముద్రం లేదని ఎవరన్నారు? మెట్రో ఎక్కితే అరగంటలో టైన్‌మత్. మీ పొద్దుటి వాకింగ్‌కి అది చాలు. అమ్మాయికి చదువు ధ్యాసలో తెలిసుండదు.

పాతకాలపు ఊరంటే నా ఓటు సాల్ట్‌బర్న్‌కే. న్యూకాసిల్ నుంచి మిడిల్స్‌బ్రో, అక్కణ్ణుంచి ఇంకో అరగంట రైలు. అసలు ఆ ఊరు పుట్టిందే 1861లో రైలు రావడంతో. హెన్రీ పీస్ అని రైల్వేల ఆసామి ఒకాయన కొండమీద ఊరు కట్టించాడు. వీధుల పేర్లు రూబీ, ఎమరాల్డ్, పెర్ల్, కోరల్... నవరత్నాలు లెక్కపెట్టుకుంటూ నడవొచ్చు.

ఊరు పైన, సముద్రం కింద. రెంటికీ మధ్య 1884 నాటి లిఫ్టు. మోకాళ్ళ నొప్పులన్నారు కాబట్టి చెప్తున్నాను, మీ ఆవిడకి ఇది వరం. మా అత్తగారిని తీసుకెళ్ళాం. చీర మీద స్వెట్టరు, దానిమీద నా కోటు, తలకి శాలువా. ఆ పెట్టెలో కూర్చుని రంగుటద్దాల కిటికీలు చూసి మురిసిపోయి, "కరెంటు పోతే మధ్యలో ఉండిపోతామేటి?" అన్నారు. అది నీళ్ళ బరువుతో నడిచే లిఫ్టండీ. రెండు పెట్టెలు, ఒకటి పైనుంటే రెండోది కింద, రెంటినీ కలుపుతూ తాడు. రెండింటి కిందా నీళ్ళ ట్యాంకులు. పైదాన్లో నీళ్ళు నింపితే బరువెక్కి జారుతుంది, జారుతూ రెండోదాన్ని పైకి లాగుతుంది. కిందకొచ్చాక నీళ్ళు వదిలేసి, పంపుతో మళ్ళీ పైకి ఎక్కిస్తారు. నేను ఇంత చెప్తే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు: "ఏతం లాగన్నమాట." (రిపేరుకి ఆపేస్తుంటారు, వెళ్ళేముందు చూసుకోండి.)

దిగితే ఎదురుగా పియర్. 1869లో తెరిచినప్పుడు 1,500 అడుగులుండేది. తుపాన్లు కొట్టి, 1924లో ఓడ గుద్ది, ఇప్పుడు 680 అడుగుల చిల్లర మిగిలింది. మనకి 2020లో తెన్నేటి పార్కు దగ్గర బంగ్లాదేశ్ ఓడ ఒడ్డెక్కింది చూడండి, అదే బాపతు. కాకపోతే మన దగ్గర గుద్దడానికి పియర్ లేదు.

ఇప్పుడు తిండి, ఇది జాగ్రత్తగా చదవండి. ఈ ఊళ్ళున్న యార్క్‌షైర్ వైపు చాలా చోట్ల ఫిష్ అండ్ చిప్స్ వేయించేది నూనెలో కాదు, ఆవు కొవ్వులో. డ్రిప్పింగ్ అంటారు. ఉత్త బంగాళాదుంప ముక్కలైనా అంతే. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, ఒక దుకాణంలో చెరో పొట్లం తినేశాక గోడమీద బోర్డు చదివాను. అత్తగారికి చెప్పక తప్పలేదు. ఆవిడ నన్నేమీ అనలేదు. కుళాయి దగ్గరికెళ్ళి నోరు పుక్కిలించి వచ్చి, రాత్రి దాకా మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. తిట్టినా బాగుండేది. కాబట్టి ఆర్డరిచ్చే ముందే "వెజిటబుల్ ఆయిలా?" అని అడగండి. వాళ్ళేమీ అనుకోరు, అలా వేయించే షాపులూ ఉన్నాయి. పొట్లం చేతిలో ఉన్నంతసేపూ సీగల్స్‌ని ఓ కంట కనిపెట్టండి. ఆర్కే బీచ్ కాకులు వాటిముందు బుద్ధిమంతులు.

రెండో ఊరు విట్బీ. మిడిల్స్‌బ్రో నుంచి రైలుంది గానీ రోజుకి నాలుగైదే, ఎక్స్ 93 బస్సు నయం, మేడమీద ముందు సీటు పట్టండి. పాతకాలపు నావికుడు కెప్టెన్ కుక్ ఓడపని నేర్చుకున్న ఊరు, ఆయన వెళ్ళిన ఎండెవర్ ఓడ తయారైందీ అక్కడే. కొండమీద పాడుబడ్డ మఠం, దానికి 199 మెట్లు. మీరు ఎక్కండి, ఆవిణ్ణి టాక్సీలో పంపండి, పైదాకా రోడ్డుంది. కింద సందులో హెర్రింగ్ చేపల్ని పొగబెట్టి కిప్పర్లు చేస్తారు. ఆ వాసనకి నాకు మన ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపలు గుర్తొచ్చి ఇంటిమీద బెంగ పుట్టింది.

ఆటుపోట్లు మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర పెద్దగా తెలియదు గానీ అక్కడ సముద్రం ఫర్లాంగు దూరం వెనక్కి పోయి, అంతా తిరిగొస్తుంది. విట్బీ నుంచి పక్క ఊరు సాండ్సెండ్‌కి ఇసుకలో నడుస్తుంటే మాకు ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కొండచరియ మిగిలాయి. మోకాళ్ళ దాకా తడిసి బయటపడ్డాం. టైడ్ టైములు చూడకుండా దిగొద్దు.

క్రోమర్ పీత:
నేను నారిచ్‌లో ఉంటాను, మాది గాజువాక. మీకు దూరమే గానీ, లండన్ నుంచి ఇటు రాగలిగితే క్రోమర్ చూడండి. నారిచ్ నుంచి రైలు ముప్పావుగంట. 1901 నాటి పియర్ చివర్న ఒక థియేటర్ ఉంది, పాటలూ జోకులూ డాన్సులూ ఇప్పటికీ నడుస్తాయి. మన రికార్డింగ్ డాన్సులు ఊహించుకోకండి, ముసలివాళ్ళు మనవల్ని తీసుకొచ్చే షో. ఊరికి పేరు పీతలవల్ల. పులుసనుకుని వెళ్తే మాత్రం దెబ్బతింటారు. ఉడికించి, మాంసం ఒలిచి, డిప్పలోనే పెట్టి చల్లగా చేతికిస్తారు. నేను కారప్పొడి జేబులో వేసుకెళ్తాను.

పెదవాల్తేరు వాకర్:
అమ్మా, చాలా సంతోషం. టైన్‌మత్ సంగతి అమ్మాయిని అడిగితే "అవును నాన్నా, ఉంది కదా" అంది! సాల్ట్‌బర్న్ ఒక రోజు, విట్బీలో రెండు రాత్రులు అనుకుంటున్నాం. చలి ఎలా ఉంటుంది? రూములు ఎలా?

మధురవాడ కోడలు:
జూన్‌లో కూడా నీళ్ళు 12, 13 డిగ్రీలే, కాళ్ళు తడుపుకోవడం వరకే. ఎండ కాస్తుండగానే సముద్రం మీంచి పొగమంచు వచ్చి పియర్ చివర కనబడకుండా చేస్తుంది. వేడిగాలి ఆ చల్లటి నీళ్ళకి తగిలి అలా అవుతుంది, అక్కడివాళ్ళు ఫ్రెట్ అంటారు. స్వెట్టర్లు పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉంచండి. రాత్రి తొమ్మిదిన్నరైనా వెలుగుంటుంది, నాలుగున్నరకే తెల్లారుతుంది. మీలాంటి వాకర్‌కి పండగే, మీ ఆవిడ నిద్రకే గండం.

రూము బుక్ చేసేటప్పుడు ఎన్నింటికి లోపలికి రానిస్తారో అడగండి. మేం ఒక చోట ఒంటిగంటకి చేరితే నాలుగింటి దాకా తలుపు తియ్యలేదు. వానలో పెట్టెలతో బస్‌స్టాప్‌లో మూడు గంటలు కూర్చున్నాం. అరవై దాటారు కదా, సీనియర్ రైల్‌కార్డ్ తీసుకోండి, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది.

పెదవాల్తేరు వాకర్:
మా ఆవిడకి అంతా చదివి వినిపించాను. ఏతం లిఫ్టుకి సరే అంది. ఎండుచేపల వాసనకి మాత్రం "అంత దూరం పోయి అదేనా" అంటోంది. విట్బీ రూముకి ఇవాళే మెయిల్ పెడుతున్నాను, ఎన్నింటికి తలుపు తీస్తారో అడుగుతూ.