పెద్ద క్వయర్‌లో నా గొంతు నాకే వినిపించడం లేదు, ఏం చేయాలి?

స్వరకర్త హ్యాండెల్ యేసు మీద రాసిన పెద్ద సంగీత రచన 'మెస్సయ్య' పాడే ఒక పెద్ద క్వయర్‌లో (గాయక బృందంలో) ఆల్టోగా, అంటే ఆడవాళ్లలో కింది స్థాయి గొంతుగా చేరాను. ఇది పాడిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

'హల్లెలూయ' కోరస్‌తో ఇబ్బంది లేదు, అది అందరికీ చెవిలో ఉన్నదే. అసలు టెన్షన్ 'మనకు శిశువు పుట్టెను' అనే కోరస్‌తో. ఒకే అక్షరం మీద చిన్న చిన్న స్వరాలు బారుగా పరిగెడతాయి. ఇంట్లో నెమ్మదిగా పాడితే అన్నీ స్పష్టంగానే పలుకుతున్నాయి. అసలు వేగానికి వచ్చేసరికి సగంలోనే ఊపిరి అయిపోతోంది. పక్కవాళ్లు పాడుతుండగా గాలి పీల్చుకుని మళ్లీ కలవమంటారు మా డైరెక్టర్. సరే, కానీ కలిసేది ఎక్కడ? మధ్యలో పోయిన స్వరాలు పోయినట్టేనా, లేక తర్వాతి తాళం దెబ్బ దాకా ఆగాలా?

ఇంకోటి, చివరి 'ఆమెన్'. ముందు బాస్‌లు (మగవాళ్లలో కింది స్థాయి గొంతులు) ఎత్తుకుంటారు, తర్వాత టెనార్లు (మగవాళ్లలో పై స్థాయి గొంతులు), ఆ తర్వాత మేము. టెనార్లు సరిగ్గా నా వెనకే నిలబడతారు. ఇక వాళ్ల గొంతు తప్ప నాకేమీ వినిపించదు, నాది కూడా! గట్టిగా పాడితే పక్కావిడ అదోలా చూస్తున్నారు. (1742లో డబ్లిన్‌లో దీన్ని తొలిసారి పాడిన బృందం చిన్నదే, వాళ్లకు ఈ గొడవ ఉండి ఉండదు.) ఒక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని పాడేవాళ్లను చూశాను, కచేరీలో అలా చేస్తే బాగుంటుందా?

సాధనకు ఆల్టో ఒక్కటే ఉన్న రికార్డింగ్ మంచిదా, నాలుగు పార్టులూ ఉన్నదా? నాకు సోల్ఫా (డో-రే-మీ స్వరాల పద్ధతి) బాగా వచ్చు, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే స్వరలిపి) మాత్రం నెమ్మదిగా చదువుతాను.